పోలీసు కావలి – ఇంటి గుట్టు
(మన సంఘము సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము నూలు అమ్ముకొను వర్తకులము. మా చదువు మెట్రిక్కుతో ఆగినది. చట్టములను గూర్చి సభలో మాటాడుటకు వీరి కేమి యోగ్యత యని కొందరికి తోచవచ్చును, తోచుట న్యాయమే. అయితే గడచిన శ్రావణమాసములో మా అంగడిలో పనిచేయు కుర్రవాని నిమిత్తము నాలుగు పర్యాయములు పోలీసు ఠాణా మెట్లెక్కితిమి. ఆ సంగతి మీలో పలువురకు సగము తెలియును. మిగిలిన సగము నేడు చెప్పక తప్పదు. ఏలయన, మన కార్యవర్గము ముందునకు ఒక ప్రతిపాదన వచ్చియున్నది. దానికి ఔననుటయో కాదనుటయో ఈ సాయంకాలము మీరు తేల్చవలెను.

ఆ ప్రతిపాదన యిది: మన సంఘము పేరుతో నడచు 14 వాట్సాప్ బృందములలోను ఠాణావారి మనిషి నొకరిని చేర్చుకొనవలెను, సభ్యులందరి పేర్లు, ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు వ్రాసిన పట్టికను మనమే కోరి ఠాణాకు సమర్పింపవలెను. దీనిని తెచ్చిన పెద్దలు మంచివారు. వారి భయము నిజమైనది. మనము పరభాషవారము, తాతముత్తాతలనాడే తెలంగాణపు జిల్లాలనుండి వచ్చి ఈ షోలాపూరులో మగ్గములు పెట్టుకొన్నను, ఏదైన గొడవ వచ్చిన నాడు కొందరు మన వీథివైపే చూతురు, దాచుకొనుటకు మనకేమియు లేదని ముందుగనే చూపుకొన్నచో మంచిది కదా యని వారి వాదము. మేము దీనిని వ్యతిరేకించుచున్నాము. కారణములకు ముందు జరిగినది చెప్పవలెను.

మా కుర్రవానికి పందొమ్మిది యేండ్లు. తండ్రి లేడు, తల్లి బీడీలు చుట్టి సంసారము ఈడ్చుచున్నది. ఒకనాటి రాత్రి వాని ఫోనునకు ఎక్కడనుండియో ఒక వర్తమానము వచ్చినది. పిల్లల నెత్తుకొనిపోవు ముఠా ఊరిలో దిగినదనియు, బడుల చుట్టు తిరుగుచున్నదనియు అందులో నున్నది. వాడు దానిని మరాఠీనుండి తెలుగులోనికి తిరుగవ్రాసి మన బృందములు మూడింటికి పంపినాడు. చెల్లెలు బడికి పోవుచున్నది గనుక భయపడి పంపితినని వాని మాట. మరునాటి ఉదయము పేటలో దువ్వెనలు, పిన్నులు అమ్ముకొన వచ్చిన పరవూరి స్త్రీ నొకతెను పదిమంది చుట్టుముట్టిరి. అంగడివారు అడ్డుపడిరి గనుక ఆమె ప్రాణముతో బయటపడినది. మధ్యాహ్నమునకు పోలీసులు మా అంగడికి వచ్చిరి.

వారు వచ్చుట తప్పు కాదు. 2018 జూలై 1వ తేదీన ధూళే జిల్లా రాయిన్‌పాడా గ్రామపు సంతలో ఏమి జరిగినదో మన జిల్లావారు మరువరాదు. భిక్షాటనముచే బ్రతుకు నాథపంథీ డవరీ గోసావీ జాతివారి నయిదుగురిని, పిల్లల దొంగలన్న పుకారుమీద, జనము కొట్టి చంపిరి. వారిలో పలువురు మన షోలాపూరు జిల్లా మంగళవేఢా తాలూకావారు. పొట్టకూటికై పరప్రాంతమునకు పోయినవారు. ఆ దినములలో దేశమంతట తిరిగిన దృశ్యములలో ఒకటి, కరాచీ నగరమున పిల్లల భద్రతను గూర్చి తలిదండ్రులను హెచ్చరించుటకు తీసిన చిన్న చిత్రము. చివర పిల్లవానిని తిరిగి దింపి హెచ్చరిక చూపు భాగమును ఎవరో కత్తిరించివేసిరి; మిగిలినది నిజమైన అపహరణమువలె ఊరూరను తిరిగినది. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశమున ఒక వర్తమానమును ఒకేసారి అయిదింటికి మించి పంపకుండ కట్టడి చేసినది. అంతకుముందు 2012 ఆగస్టులో ఇట్టి పుకార్లకే జడిసి ఈశాన్య రాష్ట్రములవారు వేలకొలదిగా బెంగుళూరు మొదలగు నగరములను విడిచి రైళ్ళెక్కిరి; కేంద్ర ప్రభుత్వము పదునైదు దినములపాటు మూకుమ్మడి ఎస్సెమ్మెస్సులను నిషేధించినది. పుకారు లేచినప్పుడు దెబ్బ తినువాడు పరదేశియే. కనుక కావలి అక్కరలేదని చెప్పుటకు మనకు అందరికన్న తక్కువ హక్కు కలదు.

మోసముల మాటయు అంతే. పోలీసు దుస్తులతో ఫోనులో కనబడి, "డిజిటల్ అరెస్టు" అని బెదరించి, ముసలివారిని గంటలకొలది కదలనీయక బ్యాంకు సొమ్ము ఊడ్చుకొనిపోవు దొంగలు మన పేటలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇల్లు ముట్టిరి. అట్టి అరెస్టు ఏ చట్టమునను లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలో చెప్పిరి. ఉపాధ్యాయులవారు సిగ్గుపడి రెండు దినములు ఎవరికిని చెప్పలేదు. 1930 నంబరునకు వెంటనే ఫోను చేసియున్నచో కొంత సొమ్మైనను ఖాతాలు దాటకముందే ఆగియుండునేమో. దొంగ ఏ నంబరునుండి పిలిచెనో, సొమ్ము ఏ ఖాతాకు పోయెనో చూచు అధికారము పోలీసులకు లేకున్న ఆయనకు దిక్కెవరు?

ఇంతవరకు ప్రతిపాదన తెచ్చిన పెద్దలును మేమును ఒకే మాటమీద నున్నాము. విడిపోవు చోటు ఇక వచ్చుచున్నది.

ఆ వర్తమానము ఎవరినుండి వచ్చినది, ఎప్పుడు వచ్చినది, ఎవరెవరికి పంపితివి – పోలీసులు అడుగవలసినవి ఇవి. కుర్రవాడు అన్నిటికిని జవాబు చెప్పినాడు, తెరచి చూపినాడు. అంతటితో ఆగలేదు. ఫోను పుచ్చుకొని, తాళపు అంకెలు చెప్పించి, నాలుగేండ్ల సంభాషణలన్నియు విప్పిరి. చెల్లెలి ఆసుపత్రి కాగితములు, తల్లి కట్టు చీటీల లెక్కలు, పెండ్లి ఫోటోలు, మిత్రులతో పరిహాసములు – బల్లచుట్టు నిలిచినవారిలో ఎవరెవరు చూచిరో లెక్క లేదు. చెల్లెలి ఫోటో చూచి ఒకరు ఏదో యని నవ్విరట. కుర్రవాడు మాకు అన్నియు కన్ను తడవకుండ చెప్పి, ఆ ఒక్కచోట మాత్రము ఏడ్చినాడు. సోదాకు వ్రాతపూర్వకమైన ఉత్తర్వు చూపలేదు. ఫోను ఉంచుకొన్నందులకు రసీదు ఇయ్యలేదు. మూడవసారి వకీలుతో పోయినప్పుడే అది చేతికి వచ్చినది.

ఇందులో మరియొక చిక్కు కలదు, అది మనబోటివారికే వచ్చునది. ఠాణాలో ఎవరికిని తెలుగు రాదు. ఫోనులోని యంత్రముచేత మరాఠీలోనికి తిప్పించుకొని చదివిరి. "రేపు ఆలస్యమైతే మా సేటు నన్ను చంపేస్తాడురా" యని వాడు ఎప్పుడో మిత్రునికి వ్రాసియున్నాడు. యంత్రము దానిని హత్యక్రింద కట్టినది. మరునాడు మమ్ము పిలిపించి, ఈ బాలునికి మీ వలన ప్రాణభయ మున్నదా యని అడిగిరి! సంగతి తెలిసిన పిమ్మట అందరమును నవ్వితిమి, అధికారియు నవ్వినాడు. ఇంటికి వచ్చిన తరువాత మాత్రము మాకు నవ్వు రాలేదు. మన ఇండ్లలో చంపుట, తాట తీయుట, కొంప ముంచుట, ప్రాణము తీయుట అను మాటలు దినమునకు పదిమారులు దొర్లును. తల్లి కన్నబిడ్డతో "నా ప్రాణం తీయకురా" యనును. ఆ వ్రాసిన మాట సేటుమీద గాక వేరొక కులమువానిమీదనో మతమువానిమీదనో ఐనచో ఠాణాలో ఎవరైన నవ్వియుందురా? మన బృందములలో ఠాణావారి మనిషిని కూర్చుండబెట్టవలెనను పెద్దలు దీనిని యోచింపవలెను. అతడు చదువునది మన మాట కాదు, యంత్రము చెప్పిన మాట.

ఈ తగవు ఫోనులతో పుట్టినది కాదు. వకీలుగారు చెప్పగా విన్న ఒక పాతకేసును మీకు చెప్పెదము. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగ్ అనునతడు 1941లో దోపిడి కేసున పట్టుబడి, సాక్ష్యము లేక విడువబడెను. విడిచినను పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరచి, రాత్రివేళ తలుపు తట్టి ఉన్నాడో లేడో చూచుచు, రాకపోకలు వ్రాసికొనుచు నుండిరి. అతడు సుప్రీంకోర్టుకు పోయెను. 1962 డిసెంబరు 18న తీర్పు వచ్చినది. రాత్రులు ఇంటికి వచ్చుట చెల్లదని చెప్పిరి గాని, రాకపోకలు కనిపెట్టుటలో తప్పు లేదనియు, గోప్యత రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదనియు ఎక్కువమంది న్యాయమూర్తులు తేల్చిరి. ఒప్పుకొననివా రిద్దరు. ఆ ఇద్దరి పక్షమున తీర్పు వ్రాసినవారు మన రాజమహేంద్రవరమున పుట్టిన కోకా సుబ్బారావుగారు. తరువాత దేశమునకు ప్రధాన న్యాయమూర్తి యయిరి. రాజ్యాంగములో ఆ మాట వ్రాసి లేకున్నను గోప్యత మనుష్యుని స్వేచ్ఛలో ముఖ్యభాగమని వారు చెప్పిరి. తన్ను ఎవరో కనిపెట్టుచున్నారని తెలిసినవాడు, చేతులకు సంకెల లేకున్నను, మనస్సున బందీయేనని వారి అభిప్రాయము.

యాబదియైదేండ్లు గడచిన తరువాత, 2017 ఆగస్టు 24న, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు తెచ్చిన వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కే యని తీర్పు చెప్పిరి. సుబ్బారావుగారి మాట నిలిచినది. ప్రభుత్వము అందులో చేయి పెట్టరాదని ఆ తీర్పు చెప్పలేదు. చేయి పెట్టుటకు చట్టము ఉండవలెను, న్యాయమైన పని ఉండవలెను, ఆ పనికి తగినంతవరకే చేయి పోవలెను. అమ్మకపు పన్ను అధికారి అంగడికి వచ్చి చిట్టా, ఖాతా చూచును, చూడవలసినదే. పడకగదిలోని పెట్టె తెరువుమనడు గదా.

మా తాతగారి కాలమున ధర వ్రాయవలసిన కవరు, సరకు అందినదని వ్రాయుటకు కార్డు వాడెడివారు. కవరు తెరచుట గూర్చియు ఈ దేశమున పెద్ద తగవు జరిగినది. ఉత్తరములను తెరచుటకు ప్రభుత్వమునకు విశాలాధికార మిచ్చు బిల్లును 1986లో పార్లమెంటు ఆమోదింపగా, రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్‌గారు సంతకము చేయక అట్టిపెట్టిరి. అది చట్టము కాలేదు. 2023లో చేసిన కొత్త తపాలా చట్టమున ఉత్తరములను తెరచు అధికారము చేర్చిరి; అది 2024 జూన్ 18నుండి అమలులో నున్నది. ఈసారి అంత అలజడి లేదు. కవర్లు వ్రాయువా రేరీ?

ఫోను సంభాషణలను చాటుగా వినుటకును 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు హద్దులు గీసినది. హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు ఇయ్యవలెను. అది రెండు నెలలే చెల్లును. ఎంత పొడిగించినను ఆరు నెలలు దాటరాదు. పైన ఒక సమీక్షా సంఘము చూడవలెను. 2024లో వచ్చిన నియమములలోను 60 దినములు, మొత్తము 180 దినములు అను హద్దే కలదు. ఆ సమీక్షా సంఘమున అధికారులే గాని న్యాయమూర్తి యెవరును లేరు. అది మాకు సమ్మతము కాదు. అయినను కాగితము కలదు, బాధ్యుని పేరు కలదు, గడువు కలదు. ఒక్క మనిషి ఫోను వినవలెనన్న ప్రభుత్వమునకే ఇన్ని కావలసియుండగా, వందల కుటుంబముల మాటలను ఉత్తర్వు లేక, గడువు లేక, అడుగకయే మనము అప్పగింపబోవుచున్నాము.

అధికారము ఒకసారి అలవాటైనచో పోవుట ఎంత కష్టమో కూడ చూడుడు. 2012 నవంబరులో మన మహారాష్ట్రమున, పాల్ఘర్‌లో, ఒక ప్రముఖ నాయకుని మరణమునకు బందు జరిగినప్పుడు ఆ బందేల యని ఫేస్‌బుక్కులో ఒక యువతి వ్రాసినది. మరియొకతె దానిని మెచ్చినట్లు గుర్తు నొక్కినది. ఇద్దరిని అరెస్టు చేసిరి. ఐ.టి. చట్టములోని 66-ఎ సెక్షను అట్టి పనులకు మూడేండ్ల జైలువరకు చెప్పుచుండెను. తరువాత ఆ కేసు మూసివేసిరి. 2015 మార్చి 24న మన కృష్ణాజిల్లా వారైన చలమేశ్వర్‌గారును, నారిమన్‌గారును కూర్చుండిన ధర్మాసనము ఆ సెక్షనునే కొట్టివేసినది. పోయినది కదా యనుకొందుము. ఏడేండ్లకు, 2022 అక్టోబరు 12న, చచ్చిన ఆ సెక్షను క్రింద ఎవరినిగాని విచారింపరాదని సుప్రీంకోర్టు మరల ఆజ్ఞాపింపవలసి వచ్చినది. ఠాణాలలో అప్పటికిని కేసులు వ్రాయుచునే యుండిరి! దినమును హుతాత్మ చౌకు మీదుగా నడచు మన ఊరివారికి ఇది వింత కాదు. 1930లో సైనిక శాసనము విధించిన ఊరిది; 1931 జనవరి 12న ఈ ఊరివారిని నలుగురిని ఉరితీసిరి. ఆ నలుగురిలో కుర్బాన్ హుస్సేన్‌గారు పత్రిక నడపినవారు. నేటి ప్రభుత్వము ఆనాటి ప్రభుత్వము కాదు, మనమే ఎన్నుకొన్నది. అందుచేతనే కాగితము చూపుమని అడుగగలుగుచున్నాము.

ఠాణావారి మనిషి ఉన్న బృందములో ఏమి మిగులునో కూడ ఊహింపుడు. మహిళల బృందమున నేడు కాన్పుల మాట, మందుల మాట, త్రాగివచ్చు మగని మాట నడచుచున్నది. రేపు పండుగ శుభాకాంక్షలు మాత్రము మిగులును. కుర్రవాండ్రు మనకు తెలియని వేరొక బృందము పెట్టుకొందురు. పుకారు అక్కడ తిరుగును. అబద్ధమురా యని చెప్పు పెద్దదిక్కు అక్కడ ఉండదు. భద్రతకని చేసిన పని భద్రతనే పోగొట్టును.

బృందములు నడపు యువకులు తమమీదికి కేసులు వచ్చునని భయపడి ఈ ప్రతిపాదనవైపు మొగ్గుచున్నారని విన్నాము. బొంబాయి హైకోర్టు నాగపూరు ధర్మాసనము 2021లో ఈ సంగతి తేల్చినది: సభ్యు డొకడు వ్రాసినదానికి, ముందుగా కూడబలుకుకొన్నదైన తప్ప, బృందము నడపువాడు నేరస్థుడు కాడు. అంతమాత్రమున కన్నులు మూసికొనుడని మేము చెప్పుటలేదు.

మేము చెప్పునది యిది. సంఘము మరాఠీ, తెలుగు రెండును బాగుగా చదువగల ఒక పురుషుని, ఒక స్త్రీని నియమించవలెను. పుకారు ఏదైన వచ్చిన గంటలోపల వారు ఠాణాకు ఫోను చేసి నిజము కనుగొని, తెలుగున వ్రాసి అన్ని బృందములలో వేయవలెను. బెదరింపుగాని మోసముగాని కనబడినచో ఆ వర్తమానముతో సంఘమే ఫిర్యాదు చేయవలెను. దాచిపెట్టు సంఘము అన్న పేరు మనకు వలదు. పోలీసులు వచ్చి అడిగినప్పుడు, ఆ నేరమునకు సంబంధించినది ఇయ్యవలెను, వ్రాతపూర్వకముగా అడుగుమని మర్యాదగా కోరవలెను. 2024 జూలై 1నుండి అమలులో నున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 94వ సెక్షను క్రింద ఆ వ్రాతకు చోటున్నది. 105వ సెక్షను సోదాను దృశ్యముగా చిత్రించుమనుచున్నది. 179వ సెక్షను ప్రకారము స్త్రీలను, అరువదియేండ్లు దాటిన పురుషులను సాక్ష్యము కొరకు ఠాణాకు రమ్మని బలవంతపెట్టరాదు, వారి ఇంటికే వచ్చి అడుగవలెను. తెలుగు మాటలకు అర్థము చెప్పుటకు మన మనిషిని పిలువుమని సంఘము ఠాణాకు ఒక విన్నపము వ్రాసి ఉంచవలెను. ఒకటి మాత్రము మినహాయింపు: ఆ క్షణమున ఎవరి ప్రాణమైన ప్రమాదములో నున్నచో కాగితమునకై కూర్చుండరాదు, ముందు తెలిసినది చెప్పవలెను, కాగితము తరువాత.

దీనివలన కొంత శ్రమ కలదు. పట్టిక వ్రాసి ఇచ్చివేయుట సులువు, మేము ఒప్పుకొందుము. ఠాణాలోనివారును చెడ్డవారు కారు. మొన్న మా వాదమంతయు విని, దువ్వెనల స్త్రీని చుట్టుముట్టినవారిలో ముగ్గురిని పట్టుకొన్నవారు వారే. మేము కుర్రవానిని వెనుకవేసికొని వచ్చుటయు లేదు. వాడు ఆమె బసకు పోయి క్షమాపణ చెప్పుకొన్నాడు. అబద్ధము పంపితినని మూడు బృందములలోను వ్రాసినాడు. ఆమె పోగొట్టుకొన్న సరకు ధరను వాని జీతమునుండి నెలనెలకు కొంతగా చెల్లించుచున్నాము. వాడు శిక్షకు పాత్రుడైనచో శిక్ష పడనిండు. వాని చెల్లెలు చేసిన నేర మేమియు లేదు.

ఫోను ఇంకను ఠాణాలోనే యున్నది. దానిని తిరిగి ఇప్పింపుమని కోర్టులో అర్జీ పెట్టితిమి. వచ్చు మంగళవారము విచారణ. వాని తల్లి ఆ రోజు కూలి మానుకొని వచ్చుచున్నది. మనవారు ఇద్దరు ముగ్గురు వెంట నుండిన ఆమెకు ధైర్యముగా నుండును. రాగలవారు ఉదయము పదిగంటలకు మా అంగడి ముందునకు వచ్చినచో కలిసి పోదము.